తలుపు దగ్గర ఆ ఇద్దరు: మోర్మన్ మిషనరీల రోజు ఎలా గడుస్తుంది, ఎందుకలా గడుస్తుంది

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన దృశ్యమే. శనివారం మధ్యాహ్నం బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి నేమ్‌బ్యాడ్జితో ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. ఇంకా మీసం కూడా సరిగ్గా రాని వయసు. రెండు నిమిషాలు మాట్లాడవచ్చా అని మర్యాదగా అడుగుతారు. వద్దంటే నవ్వి, థాంక్స్ చెప్పి పక్కింటికి వెళ్తారు.

తలుపు వేశాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. వీళ్ళకి జీతం ఎవరిస్తారు? చదువు మానేసి వచ్చారా? ఎప్పుడు చూసినా ఇద్దరే ఎందుకుంటారు? యెహోవా సాక్షులంటే వీళ్ళేనా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో సగం పుకార్లు. వాట్సాప్‌లో తిరిగేవి మిగతా సగం.

నాకు వీళ్ళ మతం కన్నా వీళ్ళ వ్యవస్థ మీద ఆసక్తి ఎక్కువ. 2024 చివరికి ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి మిషనరీలు 74 వేల మందికి పైగా ఉన్నారు. అత్యధికులు ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వాళ్ళే. వేదాంత పట్టా లేదు, జీతం లేదు, చాలామందికి అంతకుముందు ఇల్లు వదిలిన అనుభవం కూడా లేదు. అలాంటివాళ్ళను భాష రాని దేశానికి పంపి, రెండేళ్ళపాటు క్రమం తప్పకుండా పని చేయించి, క్షేమంగా ఇంటికి చేర్చడం ఎలా? వాళ్ళ దినచర్యలో మనకు వింతగా కనిపించే నియమాల్లో చాలావరకు ఈ ప్రశ్నకు వెతుక్కున్న జవాబులే. అలా చూస్తే వాటి వెనకున్న లెక్క అర్థమవుతుంది, లోపాలూ అక్కడే బయటపడతాయి.

మోర్మన్లంటే ఎవరు, ఎవరు కారు

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మత సంస్థ ఇది. పూర్తి పేరు ‘ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్’. బైబిలుతో పాటు ‘మోర్మన్ గ్రంథం’ కూడా వీళ్ళకు పవిత్ర గ్రంథమే, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. పూర్తి పేరుతోనే పిలవమని 2018 నుంచి చర్చి గట్టిగా కోరుతోంది. పాఠకులకు తెలిసిన పేరు కాబట్టి ఇక్కడ మోర్మన్ అనే వాడుతున్నాను. ప్రధాన కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. 2024 చివరికి ప్రపంచవ్యాప్తంగా సభ్యులు సుమారు 1.75 కోట్లు.

తాము క్రైస్తవులమని వీళ్ళు చెప్పుకుంటారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతాన్ని మిగతా సంఘాల మాదిరిగా అంగీకరించరు, బైబిలుకు తోడు మరో గ్రంథాన్ని చేర్చుకున్నారు కాబట్టి అనేక క్రైస్తవ శాఖలు ఆ మాట ఒప్పుకోవు. బహుభార్యత్వాన్ని ఈ చర్చి 1890లో అధికారికంగా విరమించుకుంది. ఇప్పటికీ దాన్ని పాటించే చిన్న గుంపులు వేరు, వాటికి ఈ చర్చితో సంబంధం లేదు.

యెహోవా సాక్షులు పూర్తిగా మరో శాఖ. అక్కడ ప్రతి సభ్యుడూ తన సొంత ఊళ్ళోనే, ఉద్యోగం చేసుకుంటూ, జీవితాంతం ప్రచారం చేస్తాడు. మోర్మన్ పద్ధతిలో ఒక వయసులో, ఒక గడువు మేరకు, మిగతా వ్యాపకాలన్నీ ఆపి, ఇంటికి దూరంగా పూర్తికాలం చేస్తారు. బ్యాడ్జి ఉందా లేదా చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

క్లౌ దొర లాంటి మిషనరీ కాదు

మిషనరీ అనగానే కోస్తా జిల్లాల వాళ్ళకు మనసులో ఒక బొమ్మ ఉంటుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ ఫాదర్ హయ్యర్, 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు జాన్ క్లౌ ఆ బొమ్మకు మూలాలు. వాళ్ళు చదువుకుని, అభిషేకం పొంది, విదేశీ మిషన్ బోర్డు పంపగా వచ్చినవాళ్ళు. తెలుగు నేర్చుకుని దశాబ్దాల తరబడి ఉన్నారు, బడులూ ఆసుపత్రులూ కట్టారు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పనుల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన మనిషి క్లౌ.

మోర్మన్ మిషనరీ దీనికి దాదాపు తలకిందులు. పురుషులకు గడువు 24 నెలలు, స్త్రీలకు 18. అది ముగిస్తే ఇంటికెళ్ళి కాలేజీలో చేరతాడు, డెంటిస్టో అకౌంటెంటో అవుతాడు. తిరిగి ఆ దేశం మొహం చూడకపోవచ్చు కూడా. అసలు ఈ చర్చిలో స్థానిక పాస్టరు ఉద్యోగమే లేదు. సంఘాన్ని నడిపే ‘బిషప్’ కూడా పగలు ఏదో ఉద్యోగం చేసుకుంటూ, కొన్నేళ్ళు జీతం లేకుండా ఆ బాధ్యత మోసే మామూలు సభ్యుడే. అందరూ వంతులవారీగా అన్ని పనులూ చేసే సంస్థలో కుర్రాళ్ళ వంతుకు వచ్చిన పని ఇది.

పిలుపు వచ్చే తీరు

వెళ్ళాలనుకున్నవాళ్ళు బిషప్‌తో మాట్లాడతారు. విశ్వాసం, నడవడి గురించి ముఖాముఖి ప్రశ్నలుంటాయి. వైద్య పరీక్షలు, పళ్ళ పరీక్షలు, పాస్‌పోర్టు, భాషా పరిజ్ఞానం, అన్నీ దరఖాస్తులో చేరతాయి. ఏ దేశం కావాలో అడిగే గడి మాత్రం అందులో ఉండదు. సాల్ట్ లేక్‌లో చర్చి అగ్ర నాయకులైన పన్నెండుమంది ‘అపొస్తలుల్లో’ ఒకరు ఒక్కో దరఖాస్తు చూసి స్థలం నిర్ణయిస్తారు. అది దైవ ప్రేరణతో జరుగుతుందని చర్చి నమ్మకం. వీసాలు, ఆరోగ్యం, ఎక్కడ ఎంతమంది అవసరం అన్న లెక్కలూ పక్కనే ఉంటాయన్నది అందరికీ తెలిసిన విషయం. ఒకప్పుడు పెద్ద తెల్ల కవరు ఇంటికి వచ్చేది, బంధువులంతా చేరాక తెరిచేవాళ్ళు. 2018 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తోంది. బంధువులు చేరడం మాత్రం మానలేదు.

వయసు విషయంలో 2012 అక్టోబరు ఒక మలుపు. పురుషుల కనీస వయసును 19 నుంచి 18కి, స్త్రీల వయసును 21 నుంచి 19కి తగ్గించారు (2025లో అదీ 18 అయింది). అప్పటికి సుమారు 58 వేలుగా ఉన్న మిషనరీల సంఖ్య రెండేళ్ళలో 85 వేలు దాటింది. ఈ మార్పు స్త్రీల విషయంలో ఎక్కువ పనిచేసింది. 21 ఏళ్ళంటే కాలేజీ మధ్యలో ఆగాలి, పైగా ఆ సమాజంలో పెళ్ళిళ్ళు తొందరగా జరుగుతాయి. వయసు తగ్గగానే ఆ అడ్డంకి సగం తొలగింది.

బయల్దేరే ముందు శిక్షణ. అతి పెద్ద కేంద్రం యూటాలోని ప్రోవోలో ఉంది. అక్కడ యాభైకి పైగా భాషలు నేర్పుతారు. సొంత భాషలోనే పనిచేసేవాళ్ళకు మూడు వారాలు, కొత్త భాషవాళ్ళకు ఆరు నుంచి తొమ్మిది వారాలు. ఈ మధ్య మొదటి వారం ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో జరుగుతోంది. తొమ్మిది వారాల్లో జపనీస్ వస్తుందా? రాదు. ప్రార్థన చేయడం, తనను తాను పరిచయం చేసుకోవడం, పాఠంలోని నాలుగు ముక్కలు చెప్పడం వస్తాయి. మిగతాది వీధిలో నేర్చుకోవాల్సిందే.

నెలకు 500 డాలర్ల లెక్క

జీతం సంగతి అటుంచి, ఎదురు డబ్బు కట్టి వెళ్తారు. అమెరికాలాంటి దేశాల నుంచి వెళ్ళే యువ మిషనరీ కుటుంబం 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు చర్చికి కట్టాలి. అంతకుముందు 400 ఉండేది. కుర్రాడికైతే 24 నెలలకు 12,000 డాలర్లు, అమ్మాయికైతే 18 నెలలకు 9,000. సూట్లు, బూట్లు, సూట్‌కేసులు అదనం. చాలామంది హైస్కూలు రోజుల నుంచే పచ్చిక కోసో, హోటల్లో పనిచేసో ఇందుకోసం దాచుకుంటారు.

అందరూ ఒకే మొత్తం ఎందుకు కడతారన్నది గమనించాల్సిన సంగతి. 1990ల ముందు ఎక్కడికి పంపితే అక్కడి ఖర్చే కుటుంబం భరించేది. కొడుకును టోక్యోకు పంపినవాళ్ళు అప్పులపాలు, బొలీవియాకు పంపినవాళ్ళు నిశ్చింత. దాన్ని సరిచేయడానికి అందరి డబ్బూ ఒకే నిధిలో వేసి, ఎక్కడ ఎంత అవసరమో అంత పంపే పద్ధతి పెట్టారు. ఇంటి అద్దె మిషన్ ఆఫీసు చూసుకుంటుంది (మిషనరీలు పనిచేసే ఒక్కో ప్రాంతీయ విభాగాన్నీ ‘మిషన్’ అనే అంటారు). తిండికీ ప్రయాణాలకూ మిషనరీ చేతిలోని కార్డులో నెలనెలా కొంత పడుతుంది. పేద దేశాల సభ్యులు తక్కువ కడతారు, మిగతాది చర్చి నిధుల నుంచి వస్తుంది.

విమర్శకులు ఇక్కడొక సూటి ప్రశ్న వేస్తారు. ఈ చర్చి పెట్టుబడుల విలువ సుమారు 10,000 కోట్ల డాలర్లని 2019లో ఒక మాజీ ఉద్యోగి ఫిర్యాదుతో బయటపడింది. ఆ పెట్టుబడుల పరిమాణం కనబడకుండా డొల్ల కంపెనీల పేర్లతో నివేదికలు ఇచ్చినందుకు చర్చి, దాని పెట్టుబడి సంస్థ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా కట్టేలా 2023 ఫిబ్రవరిలో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థతో రాజీ కుదిరింది. అంత డబ్బున్న సంస్థ, అప్పటికే ఆదాయంలో దశమభాగం ఇస్తున్న కుటుంబాల దగ్గర మళ్ళీ పిల్లల తిండికి డబ్బు తీసుకోవడమేంటని వాళ్ళ ప్రశ్న. త్యాగం లేని సేవకు విలువ లేదని, కట్టిన డబ్బు అసలు ఖర్చులో కొంత భాగమేనని, కష్టపడి దాచుకుని వెళ్ళినవాడు పనిని తేలిగ్గా తీసుకోడని చర్చిని సమర్థించేవాళ్ళ మాట. మూడో కారణం నాకు నిజమే అనిపిస్తుంది. విమర్శకుల ప్రశ్నకు అది పూర్తి జవాబు మాత్రం కాదు.

జపాన్‌లో ఒక మంగళవారం

ఉదాహరణకు యూటా నుంచి ఫుకువోకా మిషన్‌కు వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడిని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. ఎలాగూ ఈ రెండేళ్ళూ అతన్ని సొంత పేరుతో ఎవరూ పిలవరు, ఇంటిపేరు ముందు ‘ఎల్డర్’ చేర్చి పిలుస్తారు. అమ్మాయిలైతే ‘సిస్టర్’.

ఉదయం ఆరున్నరకు అలారం. మోకాళ్ళ మీద ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. ఎనిమిది నుంచి ఒక గంట ఒంటరిగా గ్రంథ పఠనం, తర్వాత జంటగా ఒక గంట. ఆ రోజు ఎవరిని కలుస్తారో వాళ్ళకు ఏ పాఠం చెప్పాలో అప్పుడే సిద్ధం చేసుకుంటారు. భాష కొత్తవాడు కాబట్టి దానికి మరికొంత సేపు. ఏ పది, పదకొండుకో సైకిళ్ళు బయటికొస్తాయి. రాత్రి తొమ్మిదికి గది చేరాలి, పదిన్నరకు దీపాలు ఆర్పాలి. 2017 నుంచి దేశాన్ని బట్టి ఈ సమయాలు కాస్త అటూఇటూ జరుపుకోవచ్చు, మొత్తం చట్రం మాత్రం ఇదే. విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివినవాళ్ళకు ఈ టైంటేబుల్ కొత్తగా అనిపించదు, కాకపోతే ఇక్కడ వార్డెన్ ఉండడు.

బయట ఏం చేస్తారు? ముందుగా అనుకున్న అపాయింట్‌మెంట్లు రెండో మూడో ఉంటాయి. అందులో ఒకటి రద్దయిందని మెసేజ్ వస్తుంది. మధ్యలో ఖాళీ. అపార్ట్‌మెంట్లలో ఇంటర్‌ఫోన్ నొక్కితే లోపలి నుంచి "పరవాలేదండీ, వద్దు" అన్న మర్యాదైన గొంతు. స్టేషను దగ్గర నిలబడితే జనం తల వంచి దాటిపోతారు. మిషన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ మాటల్లో ఎక్కువసార్లు వినిపించేది ఈ తిరస్కారమే. ఎవరూ తిట్టరు, కొట్టరు. రోజుకు యాభైసార్లు మర్యాదగా వద్దంటారు. పద్దెనిమిదేళ్ళ వయసులో దాన్ని తట్టుకోవడం నేర్చుకోవడమే సగం మిషన్.

జపాన్‌లో ఈ చర్చి పని 1901లో మొదలై, 1924లో ఆగిపోయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948లో మళ్ళీ మొదలైంది. అయినా సభ్యులు లక్షా ముప్ఫై వేల దగ్గరే ఉన్నారు. అక్కడ జనాన్ని కలవడానికి మిషనరీలకు ఉన్న మంచి మార్గం ఉచిత ఇంగ్లీషు తరగతి. సాయంత్రం చర్చి గదిలో రిటైరైన పెద్దమనుషులు, గృహిణులు, ఉద్యోగులు వచ్చి కూర్చుంటారు. మత విషయం వేరుగా, ఇష్టమైతేనే. చాలామంది ఏళ్ళ తరబడి ఇంగ్లీషు నేర్చుకుంటారు, బాప్తిస్మం ఊసెత్తరు. కుర్రాడికి మాత్రం వాళ్ళ దగ్గరే అసలు జపనీస్ వస్తుంది.

తిండి దగ్గర ఒక చిక్కు ఉంది. మోర్మన్లు మద్యం, పొగాకు, కాఫీ, టీ ముట్టరు. గ్రీన్ టీ కూడా టీ కిందకే వస్తుందని 2019లో చర్చి పత్రిక మళ్ళీ స్పష్టం చేసింది. అతిథికి గ్రీన్ టీ ఇవ్వడమే మర్యాద అయిన దేశంలో కప్పు పక్కకు నెట్టడం ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. బార్లీ గింజలు వేయించి కాచే ముగిచా తాగవచ్చు కాబట్టి చాలామంది దాన్ని అడిగి గట్టెక్కుతారు. మన ఇళ్ళకు వచ్చినా ఇదే కథ, చాయ్ వద్దంటే ఏమీ అనుకోకండి.

వారంలో ఒక రోజు, సాధారణంగా సోమవారం, ‘సన్నాహక దినం’. బట్టలుతకడం, సరుకులు, క్షవరం, బాస్కెట్‌బాల్, ఇంటికి ఫోను. సాయంత్రం కాగానే మళ్ళీ టై.

ఇదంతా జపాన్ రంగు. బ్రెజిల్‌లో అయితే మధ్యాహ్న భోజనం వంతులవారీగా సంఘ సభ్యుల ఇళ్ళలో ఉంటుంది, తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. ఘనాలో వీధిలో ఆగి మాట్లాడేవాళ్ళు దొరకడం కష్టం కాదు, అందరికీ సమయం సరిపెట్టడమే కష్టం. ఒకే బ్యాడ్జి, ఒకే టైంటేబుల్, రోజులు మాత్రం పూర్తిగా వేరు.

ఇద్దరూ విడిపోకూడదన్న నియమం

బాత్రూంకు తప్ప, జతగాడి కంటికీ చెవికీ అందనంత దూరం వెళ్ళకూడదు. నిద్ర ఒకే గదిలో, మంచాలు వేరు. జంటను ఎంచుకునే హక్కు లేదు. ఆరు వారాలకోసారి ‘ట్రాన్స్‌ఫర్’ వస్తుంది: ఒకరు మరో ఊరికి వెళ్ళవచ్చు, లేదా ఇద్దరూ అక్కడే కొనసాగవచ్చు. యూటా కుర్రాడికి ఒసాకా కుర్రాడు, తర్వాత టోంగా కుర్రాడు జత పడవచ్చు. కొత్తగా వచ్చినవాడికి మొదట కొన్ని నెలల అనుభవమున్న ‘ట్రైనర్’ను కడతారు. ఆ ట్రైనర్‌కూ వయసు ఇరవయ్యే.

శిష్యులను ఇద్దరిద్దరుగా పంపిన సువార్త వాక్యం దీనికి మతపరమైన ఆధారం. ఆచరణలో అది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. తెలియని ఊళ్ళో భద్రత. ఒంటరిగా ఉన్న ఇంట్లోకి వెళ్ళాడన్న ఆరోపణ వస్తే సాక్ష్యం. ప్రేమల్లో పడకుండా, సినిమాకు జారుకోకుండా ఒకరికొకరు కాపలా. ఈ మూడోది చర్చి అంత బాహాటంగా చెప్పదు, కానీ నియమం బలం అక్కడే ఉంది. రెండేళ్ళూ డేటింగ్, టీవీ, సినిమాలు ఉండవు. ఏ సంగీతం వినాలో కట్టుబాటు. ఈత కూడా నిషేధమే.

ఇక్కడొక చిన్న లెక్క వేస్తే విషయం విప్పారుతుంది. 2024 జులైలో 36 కొత్త మిషన్లు చేర్చాక ప్రపంచంలో మొత్తం 450 అయ్యాయి. 74 వేల మందిని వాటికి పంచితే ఒక్కో మిషన్‌కు సుమారు 165 మంది. వాళ్ళ మీద ఉండేది మిషన్ అధ్యక్షుడు, ఆయన భార్య. ఆయన కూడా వృత్తి మతాధికారి కాడు. మూడేళ్ళకు సొంత వ్యాపారమో ఉద్యోగమో ఆపి వచ్చినవాడు. కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో చెల్లాచెదురుగా ఉన్న 165 మందిని ఒక దంపతులు కనిపెట్టి ఉండడం అసాధ్యం. కాబట్టి కుర్రాళ్ళ మీద కుర్రాళ్ళనే పెట్టారు: జతగాడు, జిల్లా లీడరు, జోన్ లీడరు. సీనియర్ల కొరతను నియమాలతో పూడ్చారు.

జతలు కుదరనప్పుడు ఈ ఏర్పాటు నరకమవుతుంది. మాట్లాడుకోని ఇద్దరు ఆరు వారాలు ఒకే గదిలో, ఒకే వీధిలో, ఒకే భోజనం బల్ల దగ్గర. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు దాంపత్యానికి అంతకు మించిన శిక్షణ లేదంటారు. జతగాడు చూస్తున్నాడన్న భయంతో బాధ కూడా దాచుకోవాల్సి వచ్చిందని మరికొందరు చెబుతారు. రెండూ నమ్మదగ్గ మాటలే.

బాప్తిస్మాల అంకెలు చెప్పేది, దాచేది

2024లో ఈ చర్చిలో కొత్తగా చేరి బాప్తిస్మం పొందినవాళ్ళు 3,08,000 పైచిలుకు. 74 వేల మంది అంటే సుమారు 37 వేల జంటలు. జంటకు ఏడాదికి ఎనిమిది చొప్పున వస్తుంది. ఈ సగటును మాత్రం నమ్మకూడదు. ఆఫ్రికా, ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికాల్లో అంతకు ఎన్నో రెట్లుంటే, యూరప్‌లోనూ జపాన్‌లోనూ రెండేళ్ళకు ఒకటో రెండో, ఒక్కోసారి సున్నా. తర్వాత అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రామ్నీ 1966 నుంచి 1968 వరకు పనిచేసింది ఇలాంటి గడ్డు మిషన్ ఫ్రాన్స్‌లోనే.

అంకెల మీద ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో ఈ చర్చి చరిత్రలోనే ఉంది. 1950ల చివర, 60ల మొదట్లో బ్రిటన్‌లో మిషనరీలు బేస్‌బాల్ ఆటతో అబ్బాయిలను చేరదీసి, అదేమిటో వాళ్ళకు సరిగ్గా తెలియకముందే బాప్తిస్మం ఇచ్చేశారు. ఆ పేర్లలో చాలా వాటిని తర్వాత జాబితాల నుంచి తీసేయాల్సి వచ్చింది. ‘బేస్‌బాల్ బాప్తిస్మాలు’ అన్న వెక్కిరింత నేటికీ ఉంది. ఇప్పుడు పద్ధతి బిగించారు. కావలసినన్ని పాఠాలు వినాలి, ఆదివారం ఆరాధనకు రావాలి, మద్యం, టీ, కాఫీ మానాలి, దశమభాగానికి ఒప్పుకోవాలి. పాఠాలు చెప్పినవాడు కాకుండా వేరే మిషనరీ నాయకుడు ఇంటర్వ్యూ చేస్తాడు. అయినా చేరినవాళ్ళలో ఎందరు ఏడాది తర్వాత వస్తున్నారన్న ప్రశ్న చర్చిని వదల్లేదు.

అసలు మతం మారేది వినేవాడా, చెప్పేవాడా? రోజూ పన్నెండు గంటలు ఒక నమ్మకాన్ని అపరిచితులకు వివరించినవాడికి అది ఎముకల్లోకి ఇంకుతుందని, మిషన్ అసలు ఫలితం తిరిగొచ్చిన మిషనరీయేనని చర్చి లోపలివాళ్ళే ఒప్పుకుంటారు. బయటి విమర్శకులూ ఇదే మాట వేరే స్వరంతో అంటారు.

2019కి ముందు, తర్వాత: ఇంటికి ఫోను

దశాబ్దాలపాటు నియమం ఇది: ఏడాదికి రెండు ఫోన్లు, ఒకటి క్రిస్మస్‌కు, ఒకటి మాతృదినోత్సవానికి. మిగతా వారాల్లో ఉత్తరం, తర్వాతి కాలంలో ఈమెయిల్. ఇంటి ధ్యాసలో పడితే పని చెడుతుందన్నది దాని వెనక తర్కం. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, సన్నాహక దినాన, ఫోనో వీడియో కాలో చేసుకోవచ్చు. చర్చి చెప్పిన కారణం కుటుంబాలకు దగ్గర కావడం. కుంగుబాటును ముందే పసిగట్టడానికి తల్లి చెవిని మించిన పరికరం లేదన్నది చాలామంది ఊహించిన కారణం.

ఆ దశాబ్దంలో సడలింపులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. స్త్రీలు ప్యాంటు వేసుకోవచ్చని 2018లో, పురుషులు నీలం చొక్కా వేసుకోవచ్చని 2020లో. కొన్ని చోట్ల టై కూడా తప్పనిసరి కాదు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, వాటికి ఫిల్టర్లు ఉంటాయి. శారీరకంగానో మానసికంగానో దూరం వెళ్ళలేనివాళ్ళు ఇంట్లో ఉంటూ ఆహార నిధుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే ‘సేవా మిషన్’ మార్గమూ స్థిరపడింది.

స్వచ్ఛందమా, కాదా

కాగితం మీద స్వచ్ఛందమే. ఎవరినీ బలవంతంగా పంపరు, మధ్యలో వెనక్కి రావచ్చు. అయితే అర్హుడైన ప్రతి యువకుడికీ ఇది బాధ్యత అని చర్చి నాయకులు వేదిక మీద నుంచి పదేపదే చెబుతారు. అమ్మాయిలకు అది ఇష్టం మీద వదిలేస్తారు. మూడేళ్ళ వయసు నుంచి "పెద్దయ్యాక మిషన్‌కు వెళ్తా" అన్న పాటలు నేర్చుకుని, అన్నలూ బావలూ వెళ్ళొచ్చిన ఇంట్లో, వెళ్ళొచ్చినవాడినే పెళ్ళాడాలనుకునే అమ్మాయిలున్న ఊళ్ళో పెరిగినవాడికి ‘వెళ్ళను’ అనే మాట ఎంత బరువో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇంజినీరింగ్ వద్దన్న కొడుకును మనమూ చూశాం.

బాగా నలిగేది ముందే తిరిగొచ్చినవాళ్ళు. ఆరోగ్యం బాగోక ఆరో నెలలో వచ్చేసినా ‘ఏం తప్పు చేశాడో’ అన్న చూపు తప్పేది కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల వేలాది మందిని ఒక్కసారిగా వెనక్కి పిలిపించాక ఆ చూపు కొంత మెత్తబడిందని చెబుతారు.

రెండో వైపు కూడా వినాలి. పరాయి భాషలో పేదల ఇళ్ళలో కూర్చుని కష్టాలు విన్న అనుభవం, సొంత డబ్బుతో నెల గడపడం, తిరస్కారానికి తొణకకపోవడం తమను మనుషుల్ని చేశాయని చెప్పేవాళ్ళు కోకొల్లలు. వాళ్ళలో తర్వాత చర్చిని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. యూటాలో విదేశీ భాషలు మాట్లాడే పనివాళ్ళు దండిగా దొరకడం కంపెనీలకు కలిసొచ్చిన సంగతి. మరి వాళ్ళు వెళ్ళిన దేశం కోణం? ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ దేశపు మతాన్నీ చరిత్రనూ చదవకుండా వచ్చి ‘సత్యం’ చెప్పడమేమిటన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. అతను చెబుతున్నది వినడం, వినకపోవడం ఎదుటివాడి ఇష్టమేనన్నది దానికి వచ్చే జవాబు.

చట్టాలు గీసిన గీతలు, హైదరాబాదు సంగతి

ప్రభుత్వాలు అనుమతించిన మేరకే ఈ పని. ఘనా 1989 జూన్‌లో ఈ చర్చి కార్యకలాపాలను నిషేధించి విదేశీ మిషనరీలను పంపేసింది, ఏడాదిన్నర తర్వాత మళ్ళీ అనుమతించింది. రష్యాలో 2016 చట్టం వీధి ప్రచారాన్ని కట్టడి చేయడంతో అక్కడివాళ్ళను ‘వాలంటీర్లు’ అని పిలవాల్సి వచ్చింది. చైనా ప్రధాన భూభాగంలో మత ప్రచారానికి మిషనరీలను పంపరు.

మన దేశంలో రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచార స్వేచ్ఛ ఇస్తుంది. ఎదుటివాడిని మతం మార్చడం అందులో హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిషనరీ పనికి వచ్చే విదేశీయులకు ప్రత్యేక వీసా ఉండాలి, టూరిస్టు వీసా చెల్లదు. ఓసీఐ కార్డున్న తెలుగు అమెరికన్లకు కూడా మిషనరీ కార్యకలాపాలకు ముందస్తు అనుమతి తప్పనిసరని 2021 మార్చి నోటిఫికేషన్ చెబుతోంది. అమెరికాలో ఈ చర్చిలో చేరిన కుటుంబాలు తరచూ పట్టించుకోని అంశం ఇది.

తెలుగువాళ్ళలోకి ఈ చర్చి వచ్చింది తెల్లచొక్కా కుర్రాళ్ళ ద్వారా కాదు. సమోవాలో పనిచేస్తూ అక్కడ చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి బంధువులకు చెప్పుకున్నారు. 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథంలోని భాగాలను తెలుగులోకి తెచ్చినది ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకుడు. 1982లో అవి అచ్చయ్యాయి. భారత్‌లో ఈ చర్చి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాలు కలిసిన పాలనా విభాగం, 2012 మేలో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. దేశంలో మిషన్లు బెంగళూరు, న్యూఢిల్లీ కేంద్రాలుగా నడుస్తున్నాయి, వాటిలో భారతీయ యువతీయువకులు కూడా పనిచేస్తున్నారు. హైదరాబాదు వీధిలో ఆ బ్యాడ్జి కనిపిస్తే, దాని వెనక ఉన్నది యూటా కుర్రాడే కానక్కర్లేదు.